పసికళ్లు ముఖాలు నేర్చే కాలం

ఏడెనిమిది నెలల బిడ్డ, ఎత్తుకోబోయిన చుట్టాన్ని చూసి పెదవి విరిచి తల్లి భుజంలో ముఖం దాచుకుంటే, మన పెద్దవాళ్లు నవ్వి 'కొత్తాపాతా తెలిసింది' అంటారు. ఇంట్లో వాళ్లు ఎవరో, బయటి వాళ్లు ఎవరో బిడ్డకు ఎవరూ పాఠం చెప్పలేదు. అయినా తెలిసింది. ఎలా తెలిసింది? ఈ నేర్పు పుట్టుకతో వచ్చిందా, చూసి చూసి అబ్బిందా? అరవై ఏళ్లుగా శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబుల్లో ఒక ముఖ్యమైన భాగం మన హైదరాబాదు నుంచే వచ్చింది.

ఖమ్మం జిల్లా పెనుబల్లి నుంచి ఈ ప్రశ్నను చూడటానికి ఒక కారణం ఉంది. ఒక పక్క సత్తుపల్లి బొగ్గు గనులు, లంకాసాగర్ కింది వరి పొలాలు. మరో పక్క చండ్రుగొండ, దమ్మపేటల మీదుగా భద్రాచలం అడవుల దాకా కోయ గూడేలు, లంబాడా తండాలు. ఇక్కడ బిడ్డ ఒక్క గదిలో ఒక్క మనిషి చేతిలో పెరగదు. నాయనమ్మ కాళ్ల మీద నీళ్లు పోసుకుంటుంది, మేనమామ భుజమెక్కుతుంది, మిరప తోట గట్టున చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతుంది. శాస్త్రం చెబుతున్న దాన్ని ఈ జీవితం పక్కన పెట్టి చూస్తే, మనం ఇప్పటికే బాగా చేస్తున్నది ఏమిటో, ఎక్కడ ఏమరుపాటుగా ఉన్నామో రెండూ కనపడతాయి.

పుట్టిన గంటలో ఏముంది

1961లో అమెరికాకు చెందిన రాబర్ట్ ఫాంట్జ్ ఒక సులువైన పద్ధతిని లోకానికి పరిచయం చేశాడు. మాటలు రాని బిడ్డను ఏమీ అడగలేం. కానీ దాని ముందు రెండు బొమ్మలు పెట్టి, దేన్ని ఎక్కువసేపు చూస్తుందో లెక్కించవచ్చు. తర్వాత వచ్చిన దాదాపు ప్రతి పరిశోధనా ఈ పునాది మీదే నిలిచింది.

1975లో గోరెన్, ఆమె సహచరులు ఇంకాస్త ముందుకు వెళ్లారు. పుట్టి తొమ్మిది నిమిషాల ప్రాయంలో ఉన్న శిశువుల ముందు ముఖం బొమ్మ గీసిన పలకను మెల్లగా పక్కకు జరిపారు. పిల్లలు కళ్లు, తల తిప్పి దాని వెంట చూశారు. అవే కళ్లు, ముక్కు, నోరు చెల్లాచెదురుగా గీసిన పలకను అంత దూరం వెంబడించలేదు. అప్పటికి వాళ్లు మనుషుల ముఖాలు చూసింది లేదనే చెప్పాలి. 1991లో మార్క్ జాన్సన్ బృందం ఇంచుమించు ఇదే ఫలితాన్ని మళ్లీ చూపింది. ఆ ఏడాదే జాన్ మోర్టన్‌తో కలిసి జాన్సన్ ఒక సిద్ధాంతం చెప్పాడు. మెదడులో రెండు ఏర్పాట్లు ఉంటాయని దాని సారం. మొదటిది పుట్టుకతోనే ఉంటుంది. ముఖంలా ఉన్న దాని వైపు చూపును తిప్పడమే దాని పని. రెండోది చూసిన ముఖాలను పోగుచేసుకుంటూ మెల్లగా తయారవుతుంది. ఇది ఎవరి ముఖమో చెప్పేది అదే.

ఇటలీలోని పాదువాలో ఫ్రాంచెస్కా సిమియోన్, కియారా తురాతీ ఈ మాటకు ఒక సవరణ పెట్టారు. కింది సగం కంటే పై సగంలో ఎక్కువ గుర్తులున్న ఏ ఆకారమైనా నవజాత శిశువును ఆకర్షిస్తుందని, అది ముఖమే కానక్కర్లేదని చూపారు. వాదం ఇంకా పూర్తిగా తేలలేదు. ఒక్కటి మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు: బిడ్డ తెచ్చుకునేది ఒక మొగ్గు మాత్రమే, ఎవరి ముఖమూ ముందే తెలిసి రాదు.

మరి తల్లి ముఖం? పుట్టిన కొద్ది రోజుల్లోనే బిడ్డ ఇతర స్త్రీల కంటే తల్లిని ఎక్కువగా చూస్తుందని 1989లో బుష్నెల్ బృందం చూపింది. 1995లో ఒలివియె పాస్కాలి బృందం తల్లికీ, మరో స్త్రీకీ తల చుట్టూ గుడ్డ కట్టించి మళ్లీ పరీక్షించింది. ఈసారి బిడ్డ తేడా చూపలేదు. అంటే తొలి రోజుల్లో బిడ్డ పట్టుకునేది కళ్లు, ముక్కుల పొందికను కాదు, నుదుటి మీద జుట్టు గీత, తల ఆకారం లాంటి పైపై గుర్తులను. బాలింత తలకూ చెవులకూ గుడ్డ చుట్టుకునే మన ఊళ్లలో ఈ ఫలితం ఆలోచనలో పడేస్తుంది. దానికి ఊరటనిచ్చే సమాధానం 2005లో ఎఫ్.జెడ్. సాయ్ పరిశోధనలో దొరికింది. పుట్టినప్పటి నుంచి తల్లి మాట వింటూ ఆమె ముఖం చూసిన శిశువులే ఆమెను గుర్తుపట్టారు. ముఖం చూపి గొంతు వినిపించకుండా ఉంచినప్పుడు గుర్తుపట్టలేదు. తల్లి గొంతు బిడ్డకు కడుపులోనే పరిచయం. ఆ తెలిసిన గొంతు తెలియని ముఖానికి దారి చూపిస్తుంది. నీళ్లు పోసేటప్పుడు, పాలిచ్చేటప్పుడు బిడ్డతో మాట్లాడే అలవాటు అందుకే ఎంతో విలువైనది.

బిడ్డ కంటికి అందే లోకం

పుట్టిన బిడ్డకు మసకగా కనపడుతుంది. ఇరవై నుంచి ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఉన్నది కొంత మెరుగ్గా కనపడుతుంది. ఒళ్లో పడుకుని పాలు తాగే బిడ్డకు తల్లి ముఖం ఇంచుమించు ఆ దూరంలోనే ఉంటుంది.

ఇండియానా విశ్వవిద్యాలయంలో లిండా స్మిత్ బృందం పసిపిల్లల తలకు చిన్న కెమెరాలు అమర్చి, వాళ్లు రోజంతా ఏం చూస్తున్నారో వాళ్ల వైపు నుంచే పరిశీలించింది. మొదటి మూడు నెలల్లో, మేలుకుని ఉన్న ప్రతి గంటలో దాదాపు పావుగంట ముఖాలే. ఏడాది నిండేసరికి అందులో సగం కూడా ఉండదు. అప్పటికి బిడ్డ చూపు చేతుల మీదికి, వస్తువుల మీదికి మళ్లుతుంది. తొలి నెలల్లో కనిపించే ముఖాలు చాలా తక్కువ మందివి. అవే మళ్లీ మళ్లీ, దగ్గరగా, ఎక్కువసేపు కనపడతాయి. అదే బృందం చెన్నైలో ఒక మత్స్యకార పల్లెలోనూ కెమెరాలతో చూసింది. విద్యుత్తు అంతంత మాత్రం, ఇరుకైన ఇళ్లు, ఎక్కువగా ఆరుబయట గడిచే రోజులు. అయినా పసిబిడ్డ కంటికి అందే దృశ్యాల తీరు అమెరికాలో లాగానే ఉంది: స్పష్టమైన అంచులు, తక్కువ చిక్కులు, దగ్గరి వస్తువులు. బిడ్డ కంటికి తొలి పాఠాన్ని దాని శరీరమే ఎంచిపెడుతోంది.

ఆ మసక చూపు లోపం కాదని 2018లో లూకాస్ వోగెల్‌సాంగ్, పవన్ సిన్హా బృందం వాదించింది. కంప్యూటర్ నమూనాలకు మొదట మసక ముఖాలు, తర్వాత స్పష్టమైన ముఖాలు చూపిస్తే అవి ముఖాన్ని మొత్తంగా చూడటం నేర్చుకున్నాయి. మొదటి నుంచీ స్పష్టమైనవే చూపిస్తే చిన్న చిన్న వివరాల్లో చిక్కుకుపోయాయి. మెదడులో జరిగేది కచ్చితంగా ఇదేనని చెప్పడానికి ఇంకా ఆధారాలు కావాలి. కానీ తర్వాత చెప్పబోయే పిల్లల సంగతి అర్థం కావడానికి ఈ ఆలోచన పనికొస్తుంది.

చూసిన ముఖాలే కొలబద్ద

మూడు నెలలకు బిడ్డలో అనుభవం ముద్ర కనపడటం మొదలవుతుంది. 2002లో పాల్ క్విన్ బృందం మూడు నాలుగు నెలల పిల్లలకు ఆడ, మగ ముఖాలు పక్కపక్కన చూపింది. తల్లి పెంచుతున్న పిల్లలు ఆడ ముఖాల వైపు, ముఖ్యంగా తండ్రి పెంచుతున్న కొద్దిమంది మగ ముఖాల వైపు ఎక్కువసేపు చూశారు. గనుల్లో షిఫ్టులు చేసి ఇంటికొచ్చే తండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. బిడ్డ తండ్రికి దగ్గర కావడం, ఆ ముఖాన్ని ఎంతసేపు చూస్తుందన్న దాని మీద కూడా ఉంది.

2005లో డేవిడ్ కెల్లీ బృందం చూపినది దీనికి తోడు. నవజాత శిశువులు ఏ జాతి ముఖానికీ ప్రత్యేకంగా మొగ్గరు. మూడు నెలలకు మాత్రం తమ చుట్టూ ఉన్నవాళ్ల జాతి ముఖాల వైపు ఎక్కువగా చూస్తారు. 2006లో ఇజ్రాయెల్ పరిశోధకుడు యైర్ బార్-హైమ్ బృందం మరో ముక్క చేర్చింది. ఇథియోపియా నుంచి ఇజ్రాయెల్‌కు వచ్చిన కుటుంబాల్లో పుట్టి, రెండు రకాల ముఖాల మధ్యా పెరుగుతున్న పిల్లలకు ఏ పక్షమూ లేదు. పక్షపాతం రక్తంలో లేదు, చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది. కోయ, లంబాడా, రైతు కుటుంబాలు ఒకే సంతలో, ఒకే అంగన్‌వాడీలో కలిసే ఊరికి ఇది మంచి వార్త. పసిబిడ్డలను ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటే, వాళ్ల కళ్లలో గోడలు లేవవు.

ఈ వరుసలో అందరూ ఎక్కువగా చెప్పుకునేది కోతుల పరిశోధన. 2002లో పాస్కాలి, మిషెల్ డి హాన్, చార్లెస్ నెల్సన్ ఆరు నెలల పిల్లలకు రెండు కోతుల ముఖాలు చూపితే, తేడా కనిపెట్టారు. తొమ్మిది నెలల పిల్లలు, పెద్దలు కనిపెట్టలేకపోయారు. ఊళ్ల మీదికి దిగే కోతుల గుంపులో మనకు అన్నీ ఒకేలా కనపడతాయి కదా. ఆరు నెలల బిడ్డకు అవి వేరువేరు ముఖాలు. పెరిగేకొద్దీ మన చూపు విశాలం కావడం లేదు, మనకు కావలసిన ముఖాల మీదికి కుదించుకుపోతోంది. 2005లో అదే బృందం తల్లిదండ్రుల చేత ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య కోతుల బొమ్మల పుస్తకం చూపించింది. ఒక్కో కోతికి ఒక్కో పేరు. ఆ పిల్లలకు తొమ్మిదో నెలలోనూ తేడా తెలిసింది. 2009లో లిసా స్కాట్ బృందం దీన్ని ఇంకాస్త తేల్చింది: ఒక్కో కోతిని ఒక్కో పేరుతో పిలిచినప్పుడే ఆ నేర్పు నిలిచింది. అన్నిటినీ కలిపి 'కోతి' అన్నా, ఏ పేరూ చెప్పకపోయినా నిలవలేదు.

మన ఇళ్లలో ఈ పని ఎప్పటి నుంచో జరుగుతోంది. బిడ్డను చంకనేసుకుని 'అదిగో తాత, ఇదిగో చిన్నమ్మ, మామ ఏడీ?' అని ఒక్కొక్కరినీ వరసతో చూపిస్తాం. ప్రతి ముఖానికీ ఒక పిలుపు. శాస్త్రం ప్రయోగశాలలో బొమ్మల పుస్తకంతో చేసినదాన్ని నలుగురున్న ఇల్లు వాకిట్లో కూర్చుని చేస్తుంది. ఇల్లు చిన్నదైపోతున్న కొద్దీ ఈ ఆటను పట్టుబట్టి ఆడించాలి.

ముఖాలతో పాటు శబ్దాల్లోనూ ఇదే కుదింపు జరుగుతుంది. హిందీలో, తెలుగులో 'త'కు 'ట'కు ఉన్న తేడాను ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు పట్టగలరు. ఏడాది దగ్గర పడేసరికి పట్టలేరు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ దీన్ని చూపారు. తొలి ఏడాది రెండో సగంలో మెదడు తన చుట్టూ ఉన్న మనుషులకు తగినట్టు తనను తాను సర్దుకుంటోందన్నమాట.

చూపు ఆలస్యమైన కళ్లు చెప్పినవి

అనుభవం ఎంత అవసరమో తెలియాలంటే, ఆ అనుభవం దక్కని పిల్లలను అడగాలి. బిడ్డను కావాలని చీకట్లో ఉంచి ఎవరూ పరీక్షించరు. కానీ కొందరు పిల్లలు రెండు కళ్లలో దట్టమైన శుక్లాలతో పుడతారు. ఆపరేషన్ అయ్యేదాకా వాళ్లకు వెలుతురే తప్ప రూపం తెలియదు.

2001లో కెనడాలో రిచర్డ్ లె గ్రాండ్, డాఫ్నీ మౌరర్ బృందం అలాంటి 14 మందిని పరీక్షించింది. వాళ్లకు పుట్టిన రెండు నుంచి ఆరు నెలల్లోనే చూపు వచ్చింది. తర్వాత కనీసం తొమ్మిదేళ్లు అందరిలాగే చూశారు. అయినా కళ్ల మధ్య దూరం, కంటికీ నోటికీ మధ్య దూరం కొద్దిగా మారిన రెండు ముఖాల తేడాను వాళ్లు పట్టలేకపోయారు. కన్నో నోరో వేరైతే మాత్రం పట్టారు. తొలి కొద్ది నెలల చీకటి, ముఖాన్ని పొందికగా చూసే నేర్పును ఏళ్ల తరబడి వెనక్కి నెట్టేసింది. 2003లో అదే బృందం మరో సంగతి చూపింది. పసితనంలో ఎడమ కన్ను మూసుకుపోయిన వారికే ఈ లోటు వచ్చింది. కుడి కన్ను మూసుకుపోయిన వారికి రాలేదు. పసివయసులో ఎడమ కంటి చూపు ఎక్కువగా మెదడు కుడి భాగానికి చేరుతుంది. ముఖాల పనిలో ముందుండేది ఆ భాగమే. 'ఒక కన్ను బాగానే ఉందిలే' అని ఊరుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

ఇక్కడే హైదరాబాదు కథలోకి వస్తుంది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు, పుట్టు శుక్లాలున్న పిల్లలు పల్లెల నుంచి ఏటా వస్తారు. కొందరికి రెండో నెలలో ఆపరేషన్ అవుతుంది. కొందరు బడి ఈడు దాటాక వస్తారు. ఈ తేడా మన సమాజపు లోటు; శాస్త్రానికి మాత్రం మరెక్కడా దొరకని సమాచారం. జర్మనీలోని హాంబుర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిగిట్టె రోడర్, ఈ సంస్థలోని డాక్టర్ రమేశ్ కెకున్నాయ తదితరులతో కలిసి చేసిన పరిశోధన 2013లో వెలువడింది. పుట్టుగుడ్డితనంతో ఉండి, రెండో నెల నుంచి పద్నాలుగో ఏడు మధ్య ఎప్పుడో ఆపరేషన్ అయిన 11 మందికి తల మీద ఎలక్ట్రోడ్లు అమర్చి ముఖాలు, ఇళ్లు, ఆ బొమ్మలనే ముక్కలుగా కలగలిపినవి, సీతాకోకచిలుకలు చూపించారు. సీతాకోకచిలుక కనపడినప్పుడే స్పందించాలి. అందరూ సరిగ్గానే చేశారు. కళ్లు చూస్తున్నాయి, బొమ్మలు తెలుస్తున్నాయి.

కానీ మెదడు లోపలి సంగతి వేరు. మామూలుగా ముఖం కనపడిన సెకనులో ఆరో వంతుకు, అంటే సుమారు 170 మిల్లీసెకన్లకు, మెదడు నుంచి ఒక ప్రత్యేకమైన విద్యుత్ స్పందన వస్తుంది. ఇల్లు చూస్తే అది అంతగా రాదు. పోల్చి చూడటానికి తీసుకున్న, శుక్లాలు తర్వాత వచ్చిన వారిలోనూ, పుట్టుకతో ఉన్నా కొంత చూపు మిగిలిన వారిలోనూ ఆ తేడా ఉంది. పుట్టుకతో దట్టమైన శుక్లాలున్న వారిలో మాత్రం ముఖానికీ, ఇంటికీ, ముక్కలు చేసిన బొమ్మకూ ఒకే స్పందన. వాళ్లలో ముఖం అన్నిటి నుంచీ విడివడి తన చోటు తాను సంపాదించుకోలేదు. అందరు పిల్లల మెదడూ మొదట ఇలాగే అన్నిటికీ ఒకేలా స్పందిస్తుందని, చూసిన ముఖాల బలంతోనే అనవసరమైన స్పందనలను అణిచివేయడం నేర్చుకుంటుందని రోడర్ బృందం భావించింది.

ఢిల్లీ నుంచి వచ్చిన కబురు కొంత ధైర్యమిస్తుంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేసే పవన్ సిన్హా 'ప్రాజెక్ట్ ప్రకాశ్' పేరుతో, ఉత్తర భారత పల్లెల్లో ఆలస్యంగా దొరికిన పిల్లలకు డాక్టర్ ష్రాఫ్ చారిటీ కంటి ఆసుపత్రిలో చూపు తెప్పించి, వాళ్ల ఎదుగుదలను గమనిస్తున్నాడు. 2017లో తపన్ గాంధీ, సిన్హా తదితరులు అలాంటి ఐదుగురి గురించి రాశారు. ఆపరేషన్ అయిన వెంటనే వాళ్లకు ముఖమేదో, ముఖం కానిదేదో తెలియలేదు. కొన్ని నెలలకు చాలా బాగా తెలిసింది. అంటే ఆలస్యమైనా లాభం ఉంది. 'వీడికి పదేళ్లొచ్చాయి, ఇప్పుడు ఆపరేషన్ ఎందుకు' అనే మాట ఎక్కడ వినపడినా, దానికి జవాబు ఈ ఐదుగురే.

తేలని తగవు

ముఖాలు చూడకుండా పెరిగితే ఏమవుతుంది? జపాన్‌లో యోయిచి సుగిత కోతిపిల్లలను ముసుగు వేసుకున్న మనుషుల చేత, ఏ ముఖమూ చూపకుండా ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా పెంచాడు. తర్వాత ముఖాలు చూపితే అవి ముఖాల వైపే మొగ్గాయని 2008లో రాశాడు. 2017లో అమెరికాలో మార్గరెట్ లివింగ్‌స్టన్ బృందం అదే తరహాలో పెంచిన కోతుల మెదడులో ముఖాల కోసం ఏర్పడే ప్రత్యేక ప్రాంతాలే లేవని, అవి ముఖాల కంటే చేతులనే ఎక్కువగా చూస్తున్నాయని చూపింది. 2020లో నాన్సీ కాన్విషర్ బృందం మరో పక్క నుంచి వచ్చింది: పుట్టుకతో చూపు లేని పెద్దలు అచ్చుపోసిన ముఖాలను చేత్తో తడిమినప్పుడు కూడా మెదడులో మామూలుగా ముఖాలకు స్పందించే చోటే మేలుకుంది.

ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనపడినా, నా దృష్టిలో కలిపి చదవవచ్చు. మెదడులో ముఖాల పనికి అనువైన చోటు ముందే ఉంటుంది. అక్కడ పని మొదలవడానికి ముఖాలు కావాలి. ఆ పనిలో నైపుణ్యం రావడానికి అవి సకాలంలో, స్పష్టంగా, పదే పదే రావాలి. ఇంకా మిగిలింది ఆ కాలానికి గట్టి హద్దులు గీయడం. కెనడా ఫలితాలు అది రెండు నెలలకే మొదలైపోయిందంటాయి. ఢిల్లీ ఫలితాలు పదేళ్లకూ కొంత తలుపు తెరిచే ఉందంటాయి.

మన ఊళ్లో చేయవలసింది

2023 జనవరి 18న ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటివెలుగు రెండో విడత ఖమ్మంలోనే మొదలైంది. పెద్దల చూపుకు అది ఎంతో మేలు చేసింది. పసిబిడ్డకు మాత్రం శిబిరం వచ్చేదాకా ఆగే వీలు లేదు. రెండు కళ్లలో పుట్టు శుక్లాలుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు ఆపరేషన్ జరగాలని వైద్యులు కోరుకుంటారు. ఒక కంట్లోనే ఉంటే ఇంకా ముందే.

ఈ గడువు మనకు అందనంత దూరంలో లేదు. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. నలభై రెండో రోజంటే సరిగ్గా ఆరు వారాలు. పెంటావాలెంట్ మొదటి టీకా కూడా ఆరో వారంలోనే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించాల్సిన వాటిలో పుట్టు శుక్లం, నెలలు నిండని పిల్లల రెటీనా జబ్బు రెండూ ఉన్నాయి. కొత్త పథకం అక్కర్లేదు. ఉన్న ఆ సందర్శనలో, ఆ టీకా రోజున రెండు పనులు తప్పకుండా జరగాలి: బిడ్డ కంటిపాపలో టార్చి వేసి చూడటం, 'బిడ్డ మీ ముఖం చూసి నవ్వుతోందా?' అని తల్లిని అడగడం.

తల్లిదండ్రులు గమనించవలసినవి కూడా కొన్నే. కంటిపాప నల్లగా కాక తెల్లగా కనపడటం, ఫోను ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను తెల్లగా మెరవడం, రెండు నెలలు నిండినా ముఖం మీద చూపు నిలపకపోవడం, కళ్లు ఆగకుండా ఊగడం, నాలుగు నెలల తర్వాతా మెల్ల ఉండిపోవడం. వీటిలో ఏది కనపడినా నాటు మందు, పసరు వేయకూడదు. మెల్లకన్ను అదృష్టమనే నమ్మకం పిల్లల చూపును తినేస్తుంది. పెనుబల్లి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, పాల్వంచలో ఎల్.వి. ప్రసాద్ సంస్థతో కలిసి నడుస్తున్న నవభారత్ కంటి కేంద్రానికి గానీ, హైదరాబాదుకు గానీ వెంటనే బయల్దేరాలి. 34 వారాల లోపు పుట్టిన, లేదా రెండు కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు పుట్టిన ముప్పై రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి. గర్భంలో సోకే రుబెల్లా పుట్టు శుక్లానికి ఒక ముఖ్య కారణం కాబట్టి, తట్టు-రుబెల్లా టీకా రెండు మోతాదులూ ఏ ఆడపిల్లకూ తప్పకూడదు.

ఇక కళ్లు బాగున్న బిడ్డకు కావలసింది ఖర్చులేని పని. దగ్గరగా వచ్చి, పేరు పెట్టి, వరస చెప్పి, మాట్లాడే ముఖాలు. బిడ్డ చేతికి ఫోను ఇచ్చి మన ముఖం పక్కకు తిప్పుకుంటే, ఆ తొలి ఏడాదిలో దానికి దక్కవలసినదాన్ని మనమే తగ్గించినట్టు.

ఇన్ని దేశాల పరిశోధనల నుంచి మిగిలే సారం ఇది: బిడ్డ ముఖాలు వెతుక్కుంటూ పుడుతుంది, వాటిని నేర్పేది చుట్టూ ఉన్నవాళ్లు. ప్రేమగా చూసే ముఖాలకు మన ఊళ్లలో కొదవ లేదు. ఆ ముఖాలు బిడ్డకు కనపడుతున్నాయో లేదో సకాలంలో చూసే పద్ధతి మాత్రం ఇంకా బలపడాలి. ఆరో వారం పరీక్ష ఒక్క బిడ్డకూ తప్పకుండా చేయించే బాధ్యతను ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ కలిసి తీసుకోవాలి. అడవి అంచున ఉన్న ఆఖరి గూడెంలో పుట్టిన బిడ్డకు కూడా ఆ గడువు ఆరు వారాలే.